రెండో సీసా

చిల్వా సరస్సు నడుమ నేల లేదు.
జమ్ము నరికి, పేర్చి, తొక్కి
దానిమీదే పొయ్యి, దానిమీదే పడక.
తాగేది ఆ నీళ్ళే.
మిగతాదంతా ఆ నీళ్ళలోకే.

దోనె ఆపి మందుపెట్టె మూత తీసేసరికి
చె లిపెంగా చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఉన్నాడు.
"సూది లేదు తాతా, నోరు తెరువు."
"నొప్పి లేనిది మందెలా అవుతుంది?"

ఎలా చెప్పను?
కలరా నెత్తుటి దారిన రాదు,
గుక్కెడు నీళ్ళతో గొంతు దిగుతుంది.
కాపలా అక్కడే ఉండాలి,
పేగు లోగోడ మీద, ఆ జిగట తడిలో.

"వల ఎక్కడ కడతావు?" అడిగాను.
"చేప తిరిగే చోట."
"ఇదీ అంతే."

మింగాడు. కుళ్ళిన చేప, అన్నాడు
చేపలవాడే.
ఉమ్మకుండా గడ్డం పట్టుకున్నాను.

రెండోది రెండు వారాలకి.
గాలి లేస్తే నా దోనె ఇంత దూరం రాదు.
సీసాకి దారం కట్టి
కప్పు జమ్ములోంచి వేలాడదీసి వచ్చాను.

నెల తర్వాత
ఖాళీ సీసా చూపించాడు, గర్వంగా.
"సగం నేను తాగాను. సగం అనూసాకి.
పిల్లాడు మొన్ననే ఒడ్డు నుంచి వచ్చాడు,
వాడి కడుపులో ఇంకా వల లేదుగా."

కోప్పడాల్సింది.
సగం మందు ఎవరికీ చాలదు.
రిజిస్టరులో రెండే గడులు:
తాగాడు, తాగలేదు.
పెన్ను మూత తీసి
ఊగుతున్న ఆ జమ్ము మీద
చాలాసేపు కూర్చున్నాను.