మూడో మెట్టు

వనపర్తి. జిరాక్స్ షాపు మీది గది.
ఏడేండ్లుగ రాస్తున్న ఫ్రేమ్‌వర్క్,
మెట్లబావి లెక్క అందరిదీ, పైస అడగదు,
అయినా ఎవ్వరూ దిగరు.

సబిహా, పాలిటెక్నిక్ రెండో ఏడు.
ఆమె ముందల ల్యాప్‌టాప్ పెట్టి
నోరు కట్టేసుకొని కూసున్న.

మొదటి కమాండ్ పడ్డది. రెండోది పడ్డది.
మూడోకాడ ఎర్రటి అక్షరాలు, నలభై లైన్లు.
"నాదే తప్పేమో సార్" అన్నది
దుపట్టా కొసతోని స్క్రీన్ తుడుస్తూ.

అక్కడ నేను రాసింది:
"తర్వాత మామూలుగా సెట్ చేసుకోండి."
ఎవరికి మామూలు?

ఆ రాత్రి కొత్త కోడేం రాయలే.
ఆ మాట కొట్టేసి
పదకొండు వాక్యాలు పెట్టిన.
ఎర్ర అక్షరాల జాగల:
"పోర్టు ఖాళీ లేదు. ఇంకో నంబరియ్యి.
తప్పు నీది కాదు."

పొద్దుగాల కరెంటు పోయింది.
బ్యాటరీ పదమూడు శాతం.
సబిహా నాలుగో మెట్టు మీదున్నది.