అంటు

దామలచెరువు మండీలో, తోతాపురి కుప్పల నడాన
కాటా ముందర నిలబడి అడిగింది మునెమ్మక్క:
"క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు
ఎవురు తీసినారు నాయనా?"
"మిషను తీసిందక్కా" అన్నాడు గుమాస్తా.
మిషనుకు సీలు.
సీలు లోపల ఎవరో రాసిన లెక్క.

ఆ లెక్క మొదట రాసింది నేనే.
పాకాలలో అద్దె గదిలో,
రైలు పోతే కిటికీ వణికే రాత్రుల్లో
రాసి, అందరికీ ఇచ్చేసినాను.
షరతు లేదు. సంతకం లేదు.
ఇచ్చినాక వెనక్కి తిరిగి చూడకపోవడమే
స్వేచ్ఛ అనుకున్నాను.
తీసుకున్నోడు తరుగు కలిపి తాళం వేసినాడు.
తాళం వేసే స్వేచ్ఛ కూడా
నేనిచ్చిందే.

చెంగల్రాయులు మామ అంటుకు కొమ్మ ఊరికే ఇస్తాడు,
ఒక్క మాట తీసుకొని:
"రేపు నీ చెట్టు కాడికి ఎవుడొచ్చి అడిగినా
కొమ్మ కోసుకోనియ్యాల."
"మాట కట్టించుకుంటే అది దానమెట్లయితాది మామా?"
కత్తి తుడుచుకుంటా నవ్వినాడు.
"దానమని నేనెప్పుడన్నాను రా?
దీన్ని అంటు అంటారు. అంటుకోవాల."

అంటురోగం అని వెక్కిరించేవాళ్లూ
ఆ పదమే వాడతారు.

ఈ రాత్రి మళ్లీ రాస్తున్నాను.
చివర ఒక్క వాక్యం:
'మార్చినవాడు మార్పు చూపించాలి.'
రాసి, కొట్టేసి, మళ్లీ రాసినాను.
ఎవరి చేతులో కడుతున్నట్టే ఉంది.
కట్టకపోతే
మునెమ్మక్క ప్రశ్నకు నోరు కట్టినట్టుంది.

వాక్యం ఉంచేసినాను.
ఈ కాపుకు మటుకు
ఆ నాలుగు కిలోలు పోయినట్టే.