గేటు మింగిన బిళ్ళ

మెట్టుగూడ స్టేషన్ల, కౌంటర్ ముందర,
వెనక లైన్లోళ్ళు గొణుగుతుంటే
దుకాణం బిల్లు తిరగేసి లెక్క రాసిన.
సెలవురోజు పాసు యాభై తొమ్మిది.
కొత్త కార్డుకు యాభై, అది విడిగ.
టికెట్లయితే దుర్గంచెరువుకు పోను నలభై, రాను నలభై.
ఇరవై తొమ్మిది మిగుల్తది, అన్న.

"మిగిలిస్తే? ఏం చేస్తవ్?" అన్నది నుస్రత్.

మా దుకాణంల గుండీల కౌంటర్ ఆమెది.
ఏ బట్టకు ఏ గుండీ పడుతదో చూపుతోనే చెప్తది,
ధర మాత్రం నన్ను అడుగుతది.
జనరల్ బజార్ల పన్నెండేండ్లుగ
ఒక్క ఫ్యాన్ గాలి ఇద్దరం పంచుకుంటున్నం.
ఏడాదిల ఇద్దరికీ ఒక్కనాడే దొరికే సెలవులు
ఒక చేతి వేళ్ళకు చాలవు.

ఆమె కార్డు కొన్నది.
నేను నీలం ప్లాస్టిక్ బిళ్ళ కొన్న.
టక్కుమని తెరుచుకున్నయ్ రెండు గేట్లు,
ఆ క్షణం దాక ఇద్దరం ఒక్కటే.

ప్యారడైజ్ దాటినంక కిటికీల నుంచి
ఇండ్ల నెత్తులు కనపడుతున్నయ్:
సింటెక్స్ ట్యాంకులు, ఎండబెట్టిన మిరపకాయలు,
కుర్చీల కూసొని గడ్డం గీసుకుంటున్న ఒకాయన.
"అగో, పావురాలు!" అని లేచింది నుస్రత్.
రసూల్‌పురా వచ్చింది. తలుపు తెరుచుకుంది.
"దిగుదాం రా."
"నా బిళ్ళ దుర్గంచెరువుది."
"అయితే?"
అయితే ఏందో నేను చెప్పేలోపు
తలుపు మా మధ్యల మూసుకుంది.
అద్దం అవతల కార్డు ఊపుకుంట నిలబడ్డది,
స్కూల్ ఎగ్గొట్టిన పిల్ల లెక్క.

చెరువు గట్టున పులిహోర డబ్బా మూత తియ్యకుండ
గంటా నలభై నిమిషాలు కూసున్న.
తీగల వంతెన మంచిగుంది. నీళ్ళు వాసనొస్తున్నయ్.
చూడాలనుకున్నది చూసిన.
చూడాలనుకున్నది మాత్రమే చూసిన.

వచ్చింది. చున్నీ మీద బూడిదరంగు ఈక.
యూసుఫ్‌గూడల కూడ దిగిందట, ఎందుకో ఆమెకే తెల్వదు,
ఒక గల్లీ చివర దాక పోయి వాపస్ వచ్చిందట.
పావురాల ముసలాయన పేరు జహంగీర్ చావుష్ అట.
పక్షులను గంపల పెట్టుకొని
రైల్ల కాజీపేట దాక పోయి వదిలేస్తడట.
"పోయేటప్పుడు ఆయనకు టికెట్టు.
వచ్చేటప్పుడు వాటికి అక్కర లేదు," అన్నది
నోట్ల పులిహోరతోటి.
"ఆయనకంటె ముందే ఇంటికాడ ఉంటయట."

నేను నవ్వలే. వేరుశనగ పప్పులు ఏరి ఆమె దిక్కు పెట్టిన.

వాపస్ వచ్చేటప్పుడు మళ్ళ నలభై పెట్టి మెట్టుగూడకు బిళ్ళ కొన్న.
అమీర్‌పేటల జనం ఎక్కిన్రు, మోచేతులు తగుల్తున్నయ్.
చీకటి పడుతున్నది. నుస్రత్ నిలబడే కునుకు తీస్తున్నది.
రసూల్‌పురా అని పైన ఆడగొంతు చెప్పింది.
ఏమైందో, నేనే ఆమె మోచెయ్యి పట్టి గుంజిన.

గేటు నా బిళ్ళను మింగింది.
నాలుగు స్టేషన్లు ఉండంగనే మింగింది,
చిల్లర ఇయ్యలే, ఎందుకు దిగినవని అడగలే.
ఇప్పుడు ఇంటికి ఇంకో ఇరవై కావాలె.
అయినా ఇంకా తొమ్మిది రూపాయలు నాదే పైచెయ్యి.
రేపు పొద్దుగాల లెక్కల బుక్కుల
ఇరవైని ఏ పద్దు కింద రాయాలె?
నా సొంత బుక్కు అనేది ఒకటుంటే గద.

డాబా మెట్లకు రెయిలింగ్ లేదు.
"లేటయింది బేటీ, అన్ని పండుకున్నయ్,"
అన్నడు జహంగీర్ చావుష్, టార్చి వెయ్యకుండ.
జాలీ అవతల ఒక్క రెక్క సుత కనపడలే.
దగ్గరికి పోయి చెవి పెట్టిన.

లోపల్నుంచి సన్నగ గురగుర.
ఎవరో చీకట్ల ఏదో లెక్కపెడుతున్నట్టు,
నడుమల మరిచిపోయి
మళ్ళ ఒకటి నుంచి మొదలుపెడుతున్నట్టు.