జిగురు

కుతాయిసి బజారులో, జున్ను అమ్మే వరుస చివర
నా దుకాణం. నాలుగడుగుల వెడల్పు,
ఒక దీపం, ఒక భూతద్దం,
పెన్సిల్ ముక్కంత స్క్రూడ్రైవర్లు తొమ్మిది.
ఫోన్లు బాగుచేస్తానని బోర్డు మీద ఉంది గానీ
రోజులో సగం నేను చేసే పని వినడం.

ఇవాళ గొడవ గురామ్ మొదలెట్టాడు.
జుగ్దిదీ దాకా మినీబస్సు నడుపుతాడు,
హారన్ పాడైతే గొంతు వాడుకుంటాడు.
"ఇయర్‌ఫోన్ కన్నం పూడ్చమని ఎవడడిగాడయ్యా వీళ్ళని?
వైరున్నప్పుడు హాయిగా మెళ్ళో వేలాడేవి.
ఇప్పుడివేమిటి, తాడు లేని బొంగరాలు!
ఒకటి వంతెన మీంచి రియోనిలోకి దొర్లింది.
చేపలు వింటున్నాయి నా పాట, ఎడమ సగం."

సియాలా నవ్వింది.
బళ్ళో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి,
ఉన్నికోటు జేబుల్లో రెండు ఫోన్లు,
ఒకటి మనుషులకి, ఒకటి చదరంగానికి.
"నీ వైరు రోజూ గేరుకి చుట్టుకునేది గురామ్.
ఆ ముడులు పళ్ళతో విప్పింది
నీ పెళ్ళామా, ఫోన్ కంపెనీ వాళ్ళా?"

"వైరు సంగతి తర్వాత. నా సినిమా ఏది?"
పక్క కొట్లోంచి నాజిబ్రోలా, కత్తి ఆపకుండానే.
మూడు చక్రాల జున్ను ఖరీదు పెట్టి
'కొను' అన్న మీట నొక్కి కొనుక్కున్న సినిమా.
రెండుసార్లు చూసింది, రెండుసార్లూ ఏడ్చింది.
మూడోసారి ఏడుద్దామని కూర్చుంటే
అక్కడ లేదు.
హక్కుల గడువు ముగిసిందట.
"నేను మీకు జున్ను అమ్మి,
సగం తిన్నాక మీ ఇంటికొచ్చి పళ్ళెం లాక్కుంటే
నన్నేమంటారు? చెప్పండి, సిగ్గుపడకండి."

ఎవరూ ఏమీ అనలేదు.
జున్ను పోలిక ముందు ఏ వాదమూ నిలవదు.

సాబా కుర్రాడు, పగిలిన తెరతో వచ్చినవాడు,
ఊరుకుంటే పోయేది.
"సొంతం ఎందుకత్తా? నది మన సొంతమా?
దాహమేస్తే ముంచుకుంటాం, వెళ్ళిపోతాం."
"ఒరేయ్, నదికి నెలనెలా చందా కడుతున్నావా?"
సియాలా అడిగింది, పరీక్ష పేపరు ఇచ్చే గొంతుతో.

ఇక అందరూ నావైపు తిరిగారు.
"నువ్వు చెప్పు, ఎల్గూజా."

చెప్పాను. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదే.
స్క్రూ ఉన్న వస్తువు మనతో మాట్లాడుతుంది,
జిగురేసి మూసింది ఏదో దాస్తుంది.
ఒకప్పుడు గోటితో మూత లేపి బ్యాటరీ మార్చుకున్నాం,
చొక్కా గుండీ విప్పినంత తేలిగ్గా.
తెరవలేనిది నీది కాదు,
దాన్ని నువ్వు మోస్తున్నావంతే.
గురామ్ పెదవులు నాతోపాటు కదులుతున్నాయి.
వాడికి నా ఉపన్యాసం కంఠతా వచ్చు.

సరిగ్గా అప్పుడే
సొరుగులో, నూనెగుడ్డల కింద,
ఏదో తుమ్మెదలా గుంయిమంది.

"ఎల్గూజా, నీ సొరుగు పిలుస్తోంది."

తియ్యక తప్పలేదు.
కొత్తది. పలచగా, నున్నగా, అతుకన్నది కనబడకుండా,
నాలుగంచులా జిగురే.
ఇరవై నాలుగు వాయిదాలు, కట్టినవి మూడు.
"చీకట్లో ఫోటోలు బాగొస్తాయి," అన్నాను.
నిజమే. కానీ ఆ నిజం అప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయింది.
నాజిబ్రోలా కత్తి కిందపెట్టి మరీ నవ్వింది.

షట్టర్ సగం దించాక
సాబా ఫోన్‌ని వేడిపలక మీద పెట్టాను.
జిగురు మెత్తబడటానికి కాసేపు పడుతుంది.
అద్దం లేపుతుంటే సాగింది, సన్నటి తీగలా,
నాజిబ్రోలా వేడి జున్ను సాగినట్టే.
ఇది లేకపోతే ఈ కుర్రాడు నా దగ్గరికెందుకొస్తాడు?
గోటితో తెరుచుకునేవైతే
గురామ్ తన బస్సులోనే బాగుచేసుకునేవాడు,
సియాలా ఏ కొట్టు ముందు నిలబడి కొట్లాడేది?
ఇరవై ఏళ్ళుగా నేను తిట్టిందాన్నే
రొట్టెకి రాసుకు తింటున్నాను.

వేలికంటిన ముక్కని గీకి పారేశాను.
ఈ సంగతి వాళ్ళకి చెప్పను.
రేపు మళ్ళీ స్క్రూల గురించే చెబుతాను,
ఎందుకంటే నేను చెప్పేది తప్పు కాదు.

సగం షట్టర్ కింద రెండు బూట్లు ఆగాయి.
గురామ్ వంగి చెయ్యి చాపాడు.
అరచేతిలో రెండో బొంగరం.
ఛార్జింగ్ ఎక్కడం లేదట.
అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా సందు లేదు.
"దీన్ని తెరవడానికి కుదరదు గురామ్," అన్నాను
సన్నటి కత్తి కోసం వెతుక్కుంటూ.