కాటా ముల్లు

గుణుపురం బస్టాండు వెనక
జెరాక్సు దుకాణంలో సగం, బ్రోకరు ఆఫీసు.
తెరమీద మా జీడిపిక్కల కంపెనీ
నిన్నటిలాగే ఎర్రగా.

అమ్మబోతే పదకొండు,
కొనబోతే పద్నాలుగు.
మధ్యలో ఆ మూడు రూపాయలూ ఎవరివి నాయనా, అంటే
బెహరా కుర్రాడు తలెత్తడు.
"లిక్విడిటీ లేదు సార్" అంటాడు,
ఎండాకాలం వంశధారలో నీళ్ళు లేవన్నట్టు.

పెద్ద షేర్లకి పది పైసలే తేడానట.
నావి నాలుగొందలు అమ్మమంటే
నలభైకే బేరం కుదిరింది,
మిగతావి రేపు చూద్దామన్నాడు.
రేపు లోయర్ సర్క్యూట్.
ఎల్లుండి కూడా.

ఫిర్యాదు రాయమన్నాడు మా తోడల్లుడు అప్పలస్వామి.
ఒడియాలోనా, తెలుగులోనా?
తెలుగులోనే మొదలెట్టాను:
"అయ్యా, నా కళ్ళెదుటే నన్ను తక్కువ తూచారు..."
పెన్ను అక్కడ ఆగింది.

ముప్పయ్యేళ్ళు
సంతలో చింతపండు కాటా నాదే.
పుట్టసింగి కొండ దిగి జమంతి గమాంగ్
తెల్లారకుండానే గంప దించేది.
పళ్ళెం కింద నా బొటనవేలు.
ఐదు కిలోలకి అరకిలో, "తరుగు" అనేవాణ్ణి.
ఆమె ముల్లుకేసి చూసేది,
నాకేసి చూసేది,
చిల్లర కొంగున ముడేసుకుని
ఏమీ అనకుండా కొండెక్కేది.

ఈ తెరకి ముల్లయినా లేదు,
వేలు ఎవరిదో వెతుక్కోడానికి.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
బెహరా కుర్రాడు చాయ్ తెప్పించాడు.
దాని డబ్బులూ నా ఖాతాలోనే రాసుంటాడు,
చూసుకోవాలి.