ఎడమవైపు కొరికిన పండు

నరసాపురం బస్టాండు ఎదురుగా నా కొట్టు.
నాలుగడుగుల బల్ల, ఒక సోల్డరింగు పుల్ల,
ఉప్పుగాలికి తుప్పెక్కే స్క్రూడ్రైవర్లు.
ఆ ఏడు చైనా ఫోన్లు
కాలవలోకి గుర్రపుడెక్క కొట్టుకొచ్చినట్టు వచ్చాయి.

లక్ష్మణేశ్వరం పేరంటాలు తెచ్చిందీ అలాంటిదే.
నల్లటి అద్దం, వెండి అంచు,
అచ్చం డబ్బున్నోళ్ళ ఫోనే.
వెనకాల పండు బొమ్మ కూడా ఉంది,
కాకపోతే కొరుకు ఎడమవైపు.
"ఎంగిలి పండు అంటగట్టాడు చూడు" అని నవ్వింది.
నెత్తిమీంచి లాగితే యాంటెన్నా వస్తుంది,
టీవీలో ఎప్పుడూ వానే.
పాట పెడితే వశిష్ఠ దాటి
సఖినేటిపల్లి రేవులో వినపడుతుంది.

అసలు ఫోను ముట్టుకుంటే చాలంట.
ఇది ముట్టుకుంటే పలకదు, నొక్కాలి.
ప్లాస్టిక్ తెర, గోరు కావాలి దానికి.
పేరంటాలికి గోళ్ళెక్కడివి?
ముప్ఫై ఏళ్ళ లేసు దారం
వేళ్ళ చివరల్ని అరగదీసేసింది.
కొప్పులోంచి కొక్కెం సూది తీసి
దాని తోకతో టక్కున నొక్కేది.

నొక్కిన ప్రతి అంకెనీ
లోపల్నించి ఒక చైనా పిల్ల పైకి చదివేది.
యీ, ఆర్, సాన్, స్సు.
"దీని నోరు మూయించనా పిన్నీ?" అంటే
"ఉండనీ బాబూ, మనింట్లో తింటందా ఏంటి" అంది.
మర్నెల్లో చూద్దును కదా,
నా బల్ల పక్కన పీటమీద కూచుని
గొలుసు కుట్లు లెక్కపెడుతోంది
యీ, ఆర్, సాన్, స్సు...
పది దాటాక మళ్ళీ తెలుగే.

ఒక డిసెంబరులో
చైనా ఫోన్లన్నీ ఒక్కసారి మూగబోయాయి.
పదిహేనంకెల పుట్టుక నంబరు లేనివాటికి
సిగ్నలు ఇవ్వొద్దన్నారంట ఢిల్లీలో.
బడ్డీకొట్టు దాకా వరస కట్టారు జనం.
నంబరు ఎక్కించడానికి నూట తొంభైతొమ్మిది.
పేరంటాలు రెండొందలిచ్చింది.
రూపాయి తిరిగివ్వలేదు నేను.
"ఇక ఇది అసలుదైపోయినట్టేనా?" అనడిగింది.
వెనకాలవాడు తోస్తున్నాడు. తర్వాతి ఫోను అందుకున్నాను.

ఆ తర్వాతి వానాకాలం
లేసు ఏజెంటు సత్తిపండు
ఒక టేబుల్ గుడ్డ తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాడంట.
అనాసపండు డిజైను.
వాళ్ళమ్మ పన్నింది, ఆకుకి ఆకు, కన్నానికి కన్నం,
చైనాలో మిషను మీద దిగిపోయింది.
వాడు చెప్పిన ధరకి
ఆవిడ దారం కూడా రాదు.

అదే గుడ్డ నా బల్లమీద పరిచింది.
తిడుతుందేమో అనుకున్నాను, సత్తిపండునో, చైనానో.
తిప్పి చూసింది. లైటుకి ఎత్తింది.
వేలితో అంచంతా తడిమింది.
ముడి కోసం అని ఆలస్యంగా అర్థమైంది నాకు.
దారం అయిపోయి కొత్త ఉండ ఎత్తుకున్న చోట
ఏ అల్లికకైనా ఉంటుంది ఒకటి, బిడ్డకి బొడ్డులా.
"లేదు బాబూ" అంది.
"ఎవత్తో గానీ ఈ పిల్ల
మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.
అన్నానికైనా లేవలేదు."

ఫోను నా సొరుగులోనే ఉండిపోయింది.
బ్యాటరీ నానిన సెనగ్గింజలా ఉబ్బి
వీపు విచ్చుకుంది. విడిభాగాలకి కూడా పనికిరాదు.
తెరని లైటుకి ఏటవాలుగా పెడితే
పచ్చబొత్తం ఉండాల్సిన చోట
సూది గీతలు, ఎన్నో,
ఒకదాని మీద ఒకటి.

పేరంటాలు ఇప్పుడు
మొగల్తూరు దారిలో రొయ్యల షెడ్డుకి పోతోంది.
తెల్లారకట్ల ఆటోలో పదిమంది మధ్య
నీలం గ్లవుజులు ఒళ్ళో పెట్టుకుని కనపడుతుంది.
కేజీకి ఎన్నొచ్చాయో లెక్కపెట్టడమే అక్కడ పని.
ఆటో ఆగితే అడగాలి,
ఏ భాషలో లెక్కపెడుతుందో.
రూపాయి కూడా ఇవ్వాలి.