‘వద్దు’ తెగిపోకుండ

సిరొంచల నా ఫోనుకొచ్చే సిగ్నల్ ఈ ఒడ్డుది గాదు,
ప్రాణహిత అవుతలిది.
గాలి ఇటు మళ్లితె రెండు గీతలు.
ముసురు పట్టితె అవీ ఉండయి.

జిరాక్సు దుకాణం మీది అర్రల కూసోని
నేను రాసే ప్రోగ్రాం చిన్నదే.
సాత్‌బారా కాయిదాలు మరాఠీల ఉంటయి,
రైతులు తెలుగుల అడుగుతరు.
నడుమ నేనొక పడవ కడుతున్న.

కోడు రాయనీకె తోడు ఏఐ ఉన్నది.
మంచిదే. ఓపిక ఎక్కువ, సిగ్గు తక్కువ.
తారీఖు మార్చేటందుకు ఒక ఫంక్షన్ చెప్పింది,
పేరు ఎంత ముద్దుగున్నదో!
నడిపిస్తె తెలిసింది, అసొంటిది లోకంలనే లేదని.
అడిగితె తప్పయిందన్నది, ఇంకోటి చెప్పింది.
అదీ లేదు.
మూడోసారికి క్షమాపణ ఇంకింత తియ్యగ,
అబద్ధం ఇంకింత నున్నగ.

కింద దుకాణంల చాయ్ తాగే జాడి ఓదెలు
ముప్పై ఏండ్లు తహసీల్ రికార్డు అర్ర సూసిండు.
గట్ నంబరు అడిగితె నోరు తెరిచెటోడు గాదట.
బస్తా విప్పాలె, దుమ్ము దులపాలె,
వరుస మీద ముందు వేలు పోవాలె,
నాలుక ఆ వెనుక.
నోటికొచ్చిందైనా సరే, సూడకుంట చెప్పలే.

గా వేలు కావాలె నా మిషిన్‌కు.

సిగ్నల్ నిలబడ్డ ఒక్క రాత్రి
పది మాన్యువళ్లు దించుకున్న.
పదకొండోది మా మడావి సోంజీ
ఉద్యోగం మారేముందు తెలుగుల రాసిపెట్టిన నోట్సు.
అన్నీ డిస్కుల పోసి, ఐదువందల అక్షరాలకొక ముక్క కోసి,
సూచిక కట్టిన.
ఏఐకి గట్టిగ చెప్పిన:
ముందు ఇండ్ల వెతుకు,
పేజీ నంబరు లేకుంట మాట్లాడకు.

మొదటి దినమే దెబ్బ తిన్న.
“పాత టేబుల్ చెరపాలె” అన్నది, సోంజీ పేజీ చూపెట్టుకుంట.
పేజీ ఉన్నది గదా అని చెరిపిన.
నాలుగు ఊర్ల పేర్లు పోయినయి.
అప్పుడు తెరిచి చదివిన సోంజీ వాక్యం:
నకలు తీయకుంట పాత టేబుల్ చెరప వద్దు.
కత్తి సరిగ్గ ‘చెరప’ కాడ పడ్డది.
‘వద్దు’ పక్క ముక్కల ఒంటరిగ కూసున్నది.

మన భాషల కాదనుడు ఆఖర్ల ఉంటది.
కాదు, లేదు, రాదు, వద్దు.
తేలు తీరు, అసలు సంగతి తోకల.

ఇగ అక్షరాలు లెక్కపెట్టుడు బందు వెట్టిన.
వాక్యం దిగేదాక ఆగాలె.
ముక్క మీద ముక్క అంచు ఎక్కాలె,
ఇంటి కప్పు మీద గూనపెంకల లెక్క,
నడుమ చినుకు జారకుండ.
కుదిరినంక దానికొక అచ్చు చేసిన.
ఏ పుస్తకం పోసినా ఇటుక తీరు
ఒక వెతికే పనిముట్టు దిగుతది.
అహేరిల దుర్గం వనజ మొన్న రెండు తీసుకున్నది.
ఆమెయి ఒక దాంట్ల మళ్ల ‘వద్దు’ తెగిందట,
ఇంకా సూడాలె.

నిన్న కరెంటు లేదు, సిగ్నల్ లేదు,
బ్యాటరీ ముప్పై ఒకటి.
కొత్త ఫారం సంగతి అడిగిన.
పదకొండు పుస్తకాలు తిరిగొచ్చి అన్నది:
లేదు.

మొదటిసారి! ఉట్టి ‘లేదు’.
మెట్లు దిగి ఉరికి ఓదెలుకు చెప్పిన,
పిల్ల మొదటి మాట పలికినట్టు.

ఆయన చాయ్ సాసర్ల పోసుకున్నడు.
“కాయిదంల లేదంటె
లేదని గాదు బిడ్డా.
నది మింగిన చేన్లు ఎన్ని సూడలే,
పుస్తకంల ఉండె, నేల మీద లేకుండె.
నేల మీదున్నయి కొన్ని
మేమే రాయకపోతిమి.”

ఎన్ని అని అడగలే.
పైకొచ్చి, బ్యాటరీ పంతొమ్మిది ఉండంగ
ఒక్క వరుస మార్చిన.
‘లేదు’ తీసేసి:
నా దగ్గరున్నయాట్ల లేదు.